పరాయి భాషలో జోకు ఎప్పుడు అర్థమవుతుంది? (జర్మనీలో ఉన్నవాళ్లు చెప్పండి)

భీమవరం_బుల్లోడు (స్టుట్‌గార్ట్)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా మనసులో ఉన్న విషయం. తెలిసినవాళ్లు చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

నేను కార్ల విడిభాగాలు తయారు చేసే కంపెనీలో ఇంజినీరుని. జర్మన్ భాషలో బీ2 (మధ్యస్థాయికి పైమెట్టు) పరీక్ష పాసయ్యాను. మీటింగులు జర్మన్‌లోనే నడుస్తాయి, అక్కడ ఇబ్బంది లేదు. డాక్టరుతో, ఇంటి ఓనరుతో, పన్నుల ఆఫీసుతో కూడా నెట్టుకొస్తాను. చిక్కంతా మధ్యాహ్నం క్యాంటీన్లోనే. ఎవరో ఒక ముక్క అంటారు, బల్ల చుట్టూ అందరూ ఘొల్లుమంటారు. ఆ వాక్యంలో ప్రతి మాటకీ నాకు అర్థం తెలుసు, నవ్వెందుకొచ్చిందో మాత్రం తెలియదు. ఆలోచించి తేల్చుకునేలోపు వాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోతారు.

ఊళ్లో మా బ్యాచ్‌లో నవ్వించేవాణ్ణి నేనే. పెళ్లిళ్లలో నా చుట్టూ జనం చేరేవారు. ఇక్కడివాళ్లకి నేను పని బాగా చేసే, తక్కువ మాట్లాడే మనిషిని. అంతవరకే తెలుసు. ఈ వెలితి జీతంతో తీరేది కాదు.

అర్థం కానప్పుడు మీరేం చేస్తారు? నలుగురితోపాటు నవ్వేస్తారా, ఆగి అడుగుతారా? ఉండగా ఉండగా అదే వస్తుందా, దీనికి విడిగా సాధన చెయ్యాలా?

కొలోన్_శాస్త్రి

బాబూ, ఈ దేశం వచ్చిన ప్రతివాడికీ ఎదురయ్యేదే ఇది. పరీక్షల్లో దీనికి మార్కులుండవు కాబట్టి ఎవరూ నేర్పరు. 'ఉండగా ఉండగా అదే వస్తుంది' అనే మాట నేను ఒప్పుకోను. వెతుక్కున్నవాడికే వస్తుంది.

సగం సార్లు అడ్డుపడేది భాష కాదు. వాళ్లంతా చిన్నప్పట్నుంచీ చూసినవి మనం చూడలేదు, అదీ సంగతి. డిసెంబరు 31 రాత్రి సంగతే తీసుకో. టీవీలో 'డిన్నర్ ఫర్ వన్' అనే నలుపు తెలుపు నాటిక వేస్తారు. 1963లో హాంబుర్గ్‌లో రికార్డు చేశారు, 1972 నుంచి ప్రతి ఏడాదీ ఆ రాత్రి వేస్తున్నారు. 18 నిమిషాలుంటుంది. నాటిక మొత్తం ఇంగ్లీషులోనే. నటులిద్దరూ ఇంగ్లీషువాళ్లే. అయినా ఇంగ్లండులో చాలామందికి దాని పేరే తెలియదు, ఇక్కడ మాత్రం తెలియని ఇల్లు లేదు.

కథ ఇంతే. ఒక ముసలావిడ 90వ పుట్టినరోజు విందు. పిలవాల్సిన నలుగురు స్నేహితులూ ఎప్పుడో పోయారు. బట్లరు ఆ ఖాళీ కుర్చీల ముందు గ్లాసులు నింపి, నలుగురి తరఫునా తనే తాగుతుంటాడు. వడ్డించడానికి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా నేలమీద పరిచిన పులిచర్మం తలకాయ కాలికి తగిలి తూలిపోతాడు. ఒక్కసారి మాత్రం తగలకుండా దాటేసి, తనే నమ్మలేక వెనక్కి చూస్తాడు. మా ఇంటి పక్క ముసలాయన ఆ ఘట్టం దగ్గర కళ్లు తుడుచుకుని నవ్వుతాడు. ప్రతి ఏడూ అక్కడే. వడ్డనకి ముందు బట్లరు 'పోయినేడు చేసినట్టేనా అమ్మగారూ?' అంటే, 'ప్రతి ఏడూ చేసినట్టే' అంటుందావిడ.

ఇప్పుడు మీ ఆఫీసులో బడ్జెట్ మీటింగు ముందు ఎవరైనా ఆ మాట ఇంగ్లీషులో అంటే గదంతా నవ్వుతుంది. అందులో నీకు తెలియని మాట ఒక్కటీ ఉండదు. డిక్షనరీ తిరగేసినా లాభం లేదు. 18 నిమిషాలు కూర్చుని ఆ నాటిక చూస్తే చాలు. ఇలాంటివి వేలేమీ ఉండవు. లోరియో అనే హాస్యకారుడు (1923-2011) తీసిన చిన్న చిన్న దృశ్యాలు చూడు. మొగుడూ పెళ్లాలు ఉడికించిన గుడ్డు గురించి వాదించుకునే ముక్కొకటి ఉంది, జర్మన్ సంసారాల మీద సగం జోకులు అక్కడికే వెళ్తాయి.

ఓరుగల్లు_సిస్టర్ (లైప్‌జిగ్ దగ్గర)

అన్నా, నేను తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సుగా వచ్చాను. వృద్ధుల వార్డులో పని. పెద్దవాళ్లు నెమ్మదిగా మాట్లాడతారు, ఒకే జోకు పదిమందికీ చెప్తారు, మనకి అర్థమయ్యేదాకా వదలరు. వాళ్లకన్నా మంచి టీచర్లు నాకు దొరకలేదు.

నేను పట్టుకున్న గుర్తు ఒకటి చెప్తా. మామూలు జర్మన్ వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది కదా. జోకు చెప్పేటప్పుడు దాన్ని ముందుకి తెస్తారు. 'కోమ్ట్ ఐన్ మాన్ ట్సుమ్ ఆర్ట్స్ట్', అంటే 'వస్తాడు ఒకాయన డాక్టరు దగ్గరికి'. ప్రశ్నా, ఆజ్ఞా కాకుండా క్రియతో వాక్యం మొదలైందంటే జోకు వస్తోందని చెవులు రిక్కించాలి.

రైల్వేలో చేసి రిటైరైన ఒక తాత, నేను బీపీ చూస్తుంటే ఇది చెప్పాడు: 'ట్రెఫెన్ జిష్ ట్స్వై యేగర్. బైడె టోట్.' ఇద్దరు వేటగాళ్లు కలుసుకున్నారు, ఇద్దరూ చచ్చిపోయారు. అంతే జోకు. నా మొహం చూసి ఆగాడు. నేను అడిగాను. బీపీ పట్టీ చేతికి ఉండగానే రెండు చూపుడువేళ్లూ తుపాకుల్లాగా ఎదురెదురు పెట్టి 'పాంగ్, పాంగ్' అన్నాడు. ట్రెఫెన్ అంటే కలుసుకోవడం, గురి తగలడం కూడా. అప్పుడు వెలిగింది. నాకొచ్చిన నవ్వుకి ఆయన బీపీ మళ్లీ చూడాల్సి వచ్చింది. మరుసటి రోజు ఆయన పక్క మంచం ఆవిడకి ఆ జోకు నేనే చెప్పాను. జర్మన్‌లో నేను నవ్వించిన మొదటి మనిషి ఆవిడ.

కాబట్టి అడగండి. అడిగితే చిన్నతనం కాదు. చెప్పినవాళ్లకి అది మర్యాద చేసినట్టు ఉంటుంది.

అనంతపురం_అక్క (మ్యూనిక్)

సిస్టర్ చెప్పింది ఒకరికొకరు మాట్లాడుకునేటప్పుడు నిజమే. పదిమంది ఉన్న బల్ల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. అక్కడికక్కడ 'అంటే ఏంటి?' అంటే నవ్వు చల్లారిపోతుంది, చెప్పినవాడికి ఇబ్బంది, మనకి టెన్షన్. నేను ఆ మాట గుర్తు పెట్టుకుని తర్వాత కాఫీ మెషిన్ దగ్గర ఒకరిని అడుగుతాను. ఎప్పుడూ ఒకే మనిషిని. ఆఫీసులో అలాంటి మనిషిని ఒకరిని సంపాదించుకోవాలి. ఇప్పుడు నేను అడక్కముందే ఆవిడే వచ్చి 'ఇందాకటిది అందిందా?' అంటుంది.

నవ్వినట్టు నటించడం మాత్రం వద్దు తమ్ముడూ. ఎవరి మీద వేసిన జోకో తెలియకుండా నవ్వితే మనం ఆ పక్షం తీసుకున్నట్టే. చిరునవ్వు చాలు.

భీమవరం_బుల్లోడు

అక్కా, కాఫీ మెషిన్ మాట బాగుంది. శాస్త్రిగారూ, ఆ నాటిక ఇవాళే చూస్తాను.

ఇంకో చిక్కు ఉంది. మా ఆఫీసువాళ్లు ఈ ప్రాంతపు ష్వేబిష్ యాసలో మాట్లాడతారు. క్లాసులో నేర్చుకున్న జర్మన్‌కీ దానికీ పొంతన లేదు. ముఖ్యంగా జోకు వచ్చేసరికి అందరూ యాసలోకి దిగిపోతారు.

చెమ్నిట్జ్_చిన్నోడు

మా దగ్గర శాక్సన్ యాస. అదే కష్టం. దానికి తోడు మొహంలో ఏ భావమూ లేకుండా జోకేస్తారు. మొదటి ల్యాబ్ రోజున ఒక సార్ మామూలు గొంతుతో 'ఈ మిషను పాడు చేసినవాళ్లు మిగతా సెమిస్టరంతా నా కారు కడగాలి' అన్నారు. మన పిల్లలు సీరియస్‌గా నోట్స్ రాసుకున్నారు.

తెనాలి_టీచర్ (హైదరాబాద్)

నేను ఇక్కడ జర్మన్ నేర్పుతాను, ఈ ప్రశ్న నా క్లాసులో తరచూ వస్తుంది. రెండు మాటలు.

జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. జోకులో మెలిక చాలాసార్లు ఆ చివరి మాటలోనే ఉంటుంది. ఇది మనకి కొత్తేమీ కాదు. 'మా బావ నిన్న కొత్త బండిని...' అని ఎవరైనా ఆగితే, కొన్నాడో అమ్మాడో గోడకి గుద్దాడో చివరి మాట దాకా తెలియదు. మనం తాపీగా ఆగి వింటాం. కానీ మనవాళ్లు జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. ఇంగ్లీషులో అలవాటైనట్టు సగంలోనే అర్థం ఊహించేసుకుని, అసలు మాట వచ్చేసరికి వినడం మానేస్తారు. జర్మన్‌ని తెలుగు చెవితో వినమని మా పిల్లలకి చెబుతాను. కొందరిలో మార్పు కళ్లారా చూశాను.

రెండోది ఆ మొహం మామూలుగా పెట్టే సంగతి. మొహంలో కనపడని వెటకారం చిన్న మాటల్లో వినపడుతుంది. యా, డోహ్, హాల్ట్ లాంటివి. పాఠ్యపుస్తకాలు వీటిని చివర్లో ఎక్కడో పెడతాయి. తెలుగులో 'భలే చేశావు' అంటే మెప్పు, 'భలే చేశావులే' అంటే దెప్పు. మన 'లే' చేసే పని అక్కడ 'యా' చేస్తుంది. 'డాస్ హస్ట్ డూ యా టోల్ గెమాహ్ట్' అని సాగదీసి అంటే అది మెచ్చుకోలు కాదు, మన 'భలే చేశావులే'.

కొలోన్_శాస్త్రి

టీచరుగారూ, ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ధన్యవాదాలు.

యాస గురించి. బాబూ, మీ రాష్ట్రం బాడెన్-వ్యూర్టెంబెర్గ్ 1999లో ఒక ప్రచారం మొదలుపెట్టింది: 'మాకు అన్నీ వచ్చు, ప్రామాణిక జర్మన్ తప్ప.' సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వం తన యాస మీద తనే జోకు వేసుకుని దేశమంతా బోర్డులు పెట్టించింది. అంటే ఆ యాస వాళ్లకి సిగ్గు కాదు, సొంత ఇల్లు. నువ్వు ఆ యాసలో నాలుగు ముక్కలు నేర్చుకుని వాడితే చాలు, నిన్ను లోపలికి పిలుస్తారు. మన శ్రీకాకుళం మాటో, నిజామాబాద్ మాటో బయటివాడు ప్రేమగా పలికితే మనకెలా ఉంటుంది? అలాగే.

గుంటూరు_గౌరి (బెర్లిన్)

అందరూ నవ్వే జోకుల గురించే రాస్తున్నారు. నవ్వకూడని వాటి గురించి ఎవరో ఒకరు రాయాలి.

పాత ఆఫీసులో ఒకతను నేను టిఫిన్ డబ్బా తెరిచినప్పుడల్లా ఏదో అనేవాడు. మొదట్లో నాకు భాష చాలక అనుకున్నాను. భాష పెరిగాక తెలిసింది, అది వాసన మీద, రంగు మీద, మా దేశం మీద. పైగా 'జోకే కదా' అని ఒక తోక. కొత్తగా వచ్చినవాళ్లకి ఇక్కడే అసలు ఇరకాటం. నవ్వితే ఒప్పుకున్నట్టు, కోప్పడితే 'ఈమెకి హాస్యం తెలియదు' అంటారు.

నాకు పనికొచ్చిన మాట ఒకటుంది. 'వీ మైన్స్ట్ డూ డాస్?' ఏ ఉద్దేశంతో అంటున్నావు? గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాను. మంచి జోకైతే చెప్పినవాడు సంతోషంగా వివరిస్తాడు, పైన సిస్టర్ చెప్పిన తాతలాగా. ఇలాంటిదైతే వివరించలేడు. వివరిస్తే తన నోటితోనే బయటపడుతుంది. మా ఆఫీసులో అతను నీళ్లు నమిలాడు, బల్ల దగ్గరున్నవాళ్లు అతని వైపు చూశారు. ఆ మాటలు అక్కడితో ఆగిపోయాయి.

జోకు వేరు, అవమానం వేరు. తేడా తెలియాలంటే భాష రావాలి. నేను పట్టుబట్టి నేర్చుకున్నది అందుకే.

అనంతపురం_అక్క

గౌరీ, ఇది రాసినందుకు నిజంగా థ్యాంక్స్. చాలామంది లోపలే పెట్టుకుంటారు.

కాకినాడ_కళ్యాణి

మరి మొదట్లో తేడా ఎలా తెలుసుకోవాలండీ? మొన్న కొలోన్‌లో ఒక సారాయి హోటల్లో మావారు మంచినీళ్లు అడిగితే, వెయిటరు 'సబ్బు, తువ్వాలు కూడా తెమ్మంటారా?' అన్నాడు. మాకు చాలా బాధేసింది. తిరిగి ఏమీ అనలేక వచ్చేశాం.

కొలోన్_శాస్త్రి

అమ్మా కళ్యాణీ, మనసు కష్టపెట్టుకోకు. అది మీ రంగు చూసి అన్నది కాదు. కొలోన్ బీరుశాలల్లో వెయిటరుని కోబెస్ అంటారు, నీలం చొక్కా, పొడుగాటి ఏప్రను వేసుకుంటాడు. పెడసరంగా మాట్లాడటం ఆయన వృత్తిధర్మం. బీరుశాలలో నీళ్లు స్నానానికేగానీ తాగడానికి కాదన్నది ఆ జోకు. ఆ సబ్బు మాట నగరమేయరు వచ్చి నీళ్లు అడిగినా అంటాడు. అందరికీ ఒకేలా తగిలే మాటా, మనకి మాత్రమే తగిలే మాటా అన్నది చూడాలి. గౌరిగారి అనుభవానికీ దీనికీ తేడా అదే. అక్కడ గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తాడు, 0.2 లీటర్ల చిన్న గ్లాసులు. వద్దంటే బీరు అట్టముక్క గ్లాసు మీద పెట్టాలి. నీళ్లడిగినప్పుడు అతను అన్న ఆ మాటకి 'సబ్బు ఇంట్లో ఉంది, తువ్వాలొక్కటే చాలు' అని తిరిగి ఒక్క ముక్క అంటే, ఆ రాత్రంతా మిమ్మల్ని సొంతవాళ్లలాగా చూసుకునేవాడు.

కొలోన్ హాస్యమంతా ఈ పెడసరం మీదే నడుస్తుంది, దాని పండగ కార్నివాల్. వ్యవస్థగా మొదలైంది 1823లో. ఈ ఊరు ప్రష్యా అనే రాజ్యం కింద ఉండి, ఇక్కడ దాని సైన్యం ఉన్న రోజులు. ఊరేగింపులో ఆ సైనికుల్ని వెక్కిరిస్తూ చెక్క తుపాకులు పట్టుకుని కవాతు చేసేవారు, ఇప్పటికీ చేస్తారు. సభల్లో ఒకాయన పీపాలాంటి వేదికలో నిలబడి ప్రాసలతో రాజకీయ నాయకుల్నీ, పెళ్లాం మొగుళ్లనీ, పక్కనే ఉన్న డ్యూసెల్డార్ఫ్ వాళ్లనీ దులిపేస్తాడు. చమత్కారం పడగానే బ్యాండువాళ్లు 'టుష్' అని ఒక మోత వాయిస్తారు. నాకు మా ఊరి బుర్రకథ గుర్తొచ్చింది. ఒక వంత హాస్యం, ఒక వంత రాజకీయం, మధ్యలో డక్కీ మోత. ఆ మోత వల్ల కొత్తవాడికి నవ్వాల్సిన చోటు తెలిసిపోతుంది. పరాయి భాషలో ఇంతకన్నా సాయం చేసే హాస్యం లేదు.

అనంతపురం_అక్క

మ్యూనిక్‌లో దీనికి సమానమైనది నోకర్‌బెర్గ్. ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో ఘాటు బీరు పీపా తెరిచే సభ. ముఖ్యమంత్రితో సహా నాయకులందరూ ముందు వరసలో కూర్చుంటారు, వేదిక మీద ఒకరు వాళ్ల మొహం మీదే గంటసేపు ఏకిపారేస్తారు. బవేరియా టీవీ లైవ్ ఇస్తుంది. ఎవరినైనా ఏమీ అనకుండా వదిలేస్తే ఆ నాయకుడికి తలకొట్టేసినట్టు ఉంటుంది. వార్తలు బాగా చదివిన ఏడాది నాకు సగం పైగా అందింది, చదవని ఏడాది ఏమీ అందలేదు. అందుకే రాజకీయ హాస్యం అర్థం కావాలంటే ముందు వార్తలు చదవాలి. జెడ్‌డీఎఫ్ అనే టీవీ చానల్లో శుక్రవారం రాత్రి వచ్చే వార్తల వెటకారం 'హోయ్టె షో' కూడా అంతే. 2009 నుంచి వస్తోంది. ఆ వారం వార్తలు తెలిస్తేనే రుచి.

ఒసాకాలో_ఒంగోలు

నేను జర్మనీ కాదు, జపాన్. అయినా ఒక మాట చెప్పాలనిపించింది. ఇక్కడ మాన్‌జాయ్ అని ఇద్దరు నిలబడి చేసే హాస్యం ఉంది. ఒకరు తిక్కగా మాట్లాడతారు, రెండోవారు వెంటనే 'అదేం మాట!' అని సరిదిద్దుతారు. ఆ సరిదిద్దే మనిషి మాటలు వింటూ పోతే తప్పు ఎక్కడుందో, నవ్వు ఎక్కడుందో తెలిసిపోతుంది. టీవీ షోల్లో నవ్వొచ్చే మాటని పెద్ద అక్షరాలతో తెరమీద వేస్తారు కూడా. నా జపనీస్ సగం ఆ అక్షరాల నుంచి వచ్చిందే. మీ దగ్గర సబ్‌టైటిల్స్ ఉంటాయా?

నిజామాబాద్_నాన్న (ఫ్రాంక్‌ఫర్ట్)

ఉంటాయి. చెవుడు ఉన్నవాళ్ల కోసం ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ టీవీ చానళ్ల మీడియాటెక్‌లలో (కార్యక్రమాలు ఆన్‌లైన్లో చూసే చోటు) చాలా కార్యక్రమాలకి జర్మన్‌లోనే సబ్‌టైటిల్స్ పెడతారు, ఉచితం. ఆపి, వెనక్కి తిప్పి, మాట చదువుకుని మళ్లీ వినొచ్చు.

నేను చెప్పేది మాత్రం పిల్లల గురించి. మా పాప రెండో తరగతి. స్కూల్లో ఫ్రిట్స్‌హెన్ జోకులు నడుస్తాయి. ఫ్రిట్స్‌హెన్ అంటే టీచరుకి తిక్క సమాధానాలిచ్చే అల్లరి పిల్లాడు. ఆ జోకులు చిన్న వాక్యాలు, తేలిక మాటలు, చివర ఒకే ఒక మెలిక. రాత్రి అన్నం తినేటప్పుడు పాప ఒకటి చెప్తుంది, నేను దాన్ని తెలుగులో మా అమ్మకి ఫోన్లో చెప్తాను. అమ్మ నవ్వితే పాప ఎగిరి గంతేస్తుంది. కొన్ని తెలుగులోకి రావు, అప్పుడు పాపే అమ్మకి వివరిస్తుంది, వచ్చీ రాని తెలుగులో. నా జర్మన్ కన్నా దాని తెలుగు ఎక్కువ బాగుపడింది ఈ పద్ధతిలో.

బుల్లోడు తమ్ముడూ, పిల్లలు లేకపోతే లైబ్రరీకి వెళ్లి పిల్లల జోకుల పుస్తకాలు తీసుకో. సీ1 లాంటి పైస్థాయి పుస్తకాల కన్నా పనికొస్తాయి.

భీమవరం_బుల్లోడు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నాటిక చూశాను, పులి తలకాయ దగ్గర కడుపుబ్బా నవ్వాను. పిల్లల పుస్తకాలు శనివారం తెచ్చుకుంటాను.

ఇంకొక్క ప్రశ్న. వినడం సరే, నేను జోకు వెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి_టీచర్

అందరికీ సమానంగా తగిలే విషయాలతో మొదలుపెట్టండి. రైలు ఆలస్యం, వానాకాలంలాంటి వేసవి, ఆఫీసు ఫారాలు. వాక్యం చిన్నదిగా ఉండాలి. మీరు 'జీ' అని మర్యాదగా పిలుచుకునేవాళ్లతో వద్దు, 'డూ' అనుకునే చనువు వచ్చాక వెయ్యండి.

ఓరుగల్లు_సిస్టర్

వేటగాళ్ల జోకు వద్దన్నా, అది అందరికీ తెలుసు. ఫ్రిట్స్‌హెన్‌తో మొదలుపెట్టు.

కాకినాడ_కళ్యాణి

శాస్త్రిగారూ, కార్నివాల్ సభ ఒకటి చూడాలని ఉంది. ఎప్పుడు రావాలి?

కొలోన్_శాస్త్రి

నవంబరు 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకి పాత ఊళ్లో మొదలవుతుంది, కానీ ఆ రోజు తోపులాట ఎక్కువ, పిల్లలతో వద్దు. సభలు జనవరి నుంచి జోరుగా నడుస్తాయి, టిక్కెట్లు చాలా ముందే అయిపోతాయి. పేటల్లో జరిగే చిన్న సభలకి తేలిగ్గా దొరుకుతాయి, ఉపన్యాసాలు కూడా అక్కడే బాగుంటాయి. వేషం వేసుకుని రండి, మామూలు బట్టల్లో వస్తే మీరే వింతగా కనపడతారు. 'ఆలాఫ్' అని అరవాలి. 'హెలావ్' అన్నారంటే డ్యూసెల్డార్ఫ్ నుంచి వచ్చారనుకుంటారు. కార్నివాల్ వారంలో వచ్చే ఆడవాళ్ల గురువారం నాడు వస్తే మీవారిని మంచి టై కట్టుకోవద్దనండి, ఆ రోజు ఆడవాళ్లు కనపడిన టై కత్తిరించేస్తారు. తేదీ ఖాయం చేసుకుని ఇక్కడే రాయండి, మా పేట సభకి నేను టిక్కెట్లు చూస్తాను. నా పక్కన కూర్చుంటే ఒక్కో ముక్కా చెబుతాను.